ఫ్లెక్సీ మీద జర్మనీ పెద్దాయన

మేం వలస వచ్చిన ఈ దేశంలో ఎన్నిక ఎన్నికలా ఉండదు. మైకు లేదు, జీపు లేదు, డప్పు లేదు. బ్యాలెట్ కాగితం పోస్టులో ఇంటికే వస్తుంది. జనం వంటింట్లో కూర్చుని టీ తాగుతూ టిక్కు పెట్టి, సూపర్ మార్కెట్ గుమ్మం దగ్గరుండే నారింజ రంగు డబ్బాలో పడేసి, పాలూ బ్రెడ్డూ కొనుక్కుని పోతారు. చావింట్లో కూడా అంత నిశ్శబ్దం ఉండదు. అంత చప్పుడు లేని ఎన్నిక మా ఇంట్లోకి వచ్చి ఏం చేసి పోయిందో, ఇక్కడి జామకాయల్లాంటి ఫీజోవా కాయలు రాలే రోజులు మళ్ళీ వస్తుంటే, చెప్పాలనిపిస్తోంది.

మా లోకల్ బోర్డులో, అంటే మన వార్డు కమిటీ లాంటి దాంట్లో, ఒక సభ్యుడు పోయాడు. ఒక్క సీటుకి ఉప ఎన్నిక వచ్చింది. మా అమ్మాయి షీనా అప్పటికి పాపకూరలో ఒక మందుల షాపులో పనిచేస్తూ, శని ఆదివారాలు అంబులెన్స్ వాళ్ళతో ఊరికే, జీతం లేకుండా తిరిగేది. ఆ ఎండాకాలం, ఇక్కడ ఎండలు జనవరిలో, పక్కనే ఉన్న టకానిని రైల్వే గేటు గురించి మీటింగ్ పెడితే వెళ్ళింది. గేటు పడినప్పుడు అంబులెన్స్ వెనక సీట్లో మనిషి ఎలా ఊపిరి లెక్కపెట్టుకుంటాడో చెప్పింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టారు. ఎవరో వీడియో తీసి పెడితే ఫ్లాట్ బుష్ దాకా మన తెలుగువాళ్ళందరూ చూశారు. "ఫ్రెడ్రిక్ గారూ, మీ అమ్మాయి లీడరండీ" అని ఫోన్లు.

నాకు ఆ మాట చాలు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి నరసరావుపేటలో ఒక నాయకుడి పోస్టర్లకు మైదా పిండి ఉడకబెట్టినవాణ్ణి నేను. ఆయన జీపు వెనక కడ్డీ పట్టుకుని వేలాడుతూ నా యవ్వనం అయిపోయింది. ఆయన గెలిచాక మొదటిసారి ఇంటికి వెళ్తే, పని మనిషి బయటికొచ్చి "ఎవరు మీరు?" అనడిగింది. తర్వాత మా ఆవిడ రాహేలమ్మకి ఇక్కడ రెస్ట్ హోమ్‌లో ఉద్యోగం వస్తే, ఆమె వెనక వచ్చిపడ్డాను. అదే రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్ళని తిప్పే వ్యాన్ నడుపుతాను. జీపు వెనక వేలాడినవాడికి స్టీరింగ్ దొరికింది కదా అని మా మధుబాబు ఎగతాళి చేసేవాడు.

మధుబాబు మా వీధి చివరి ఇల్లు. మాది చర్చి, వాళ్ళది గుడి. ఐనా మొదటి వారంలోనే బావా అంటే బావా అనుకున్నాం. పెరట్లో కరివేపాకు మొక్కని పసిబిడ్డలా పెంచాడు. చలికాలం దానికి దుప్పటి కప్పుతాడు. ఎవరైనా రెబ్బ చేత్తో తుంచితే ఊరుకోడు. చిన్న కత్తి తెచ్చి ఏటవాలుగా కోసి ఇస్తాడు. వాళ్ళావిడ కుసుమకి కూడా ఆ మొక్క ముట్టుకోవడానికి పర్మిషన్ లేదని నవ్వుకునేవాళ్ళం.

ఆ రోజు సాయంత్రం మా ఇంట్లో అందరం అన్నాలు తింటున్నాం.

"అమ్మలూ, నువ్వు నిలబడాలి" అన్నాను.

"ఎక్కడ నాన్నా?" అంది షీనా, పళ్ళెంలోంచి తలెత్తకుండా.

"బోర్డుకి."

రాహేలమ్మ గరిటె ఆపింది. "దానికి వేరే పనులున్నాయండీ" అంది.

"ఏం పనులు? ఉన్న పనికి తోడు ఇదొకటి. బావా, చెప్పు."

మధుబాబు పెరుగు కలుపుకుంటూ "పిల్లని అడుగు బావా. నిలబడేది పిల్ల" అన్నాడు.

"నీ ఇష్టం నాన్నా" అంది షీనా. ఆ పిల్ల నాలుగు ముక్కల తెలుగులో నాకు బాగా నచ్చిన ముక్క అది. అది ఒప్పుకోవడమే అనుకున్నాను.

*

రెస్ట్ హోమ్‌లో పన్నెండో గదిలో ఒక జర్మనీ పెద్దాయన ఉండేవాడు. ఎకార్ట్ లోమన్. కూతురు ఇక్కడి మనిషిని చేసుకుని పక్కనే కరాకాలో గుర్రాలు పెంచుతుంది. భార్య పోయాక తండ్రిని తెచ్చుకుంది. ప్రతి మంగళవారం ఆయన్ని ఈత కొలనుకి తీసుకెళ్ళేవాణ్ణి. మిగతా ముసలివాళ్ళు వెనక కూర్చుంటే ఈయన మాత్రం నా పక్క సీట్లోనే కూర్చునేవాడు. కోటు జేబులో పిప్పరమెంట్లు. నాకొకటి, ఆయనకొకటి. మా తాత కాలంనాటి మిషన్ ఆసుపత్రి జర్మనీ దొర పేరు నాకు పెట్టారని చెప్తే, నా పేరుని వాళ్ళ పద్ధతిలో గొంతులోంచి పలికి, "నువ్వు సగం మావాడివే" అనేవాడు.

ఆయన రాజకీయాల్లో ఉన్నాడని రాహేలమ్మ చెప్తే మొదట నేను నమ్మలేదు. అక్కడికి వచ్చాక ప్రతి ముసలాయనా ఒకప్పుడు ఏదో ఒకటే. తర్వాత ఆయనే వ్యాన్‌లో కొంచెం కొంచెంగా చెప్పాడు. ఉత్తరాన, సముద్రం పక్కన చిన్న రాష్ట్రం, మన రెండు జిల్లాలంత. తండ్రి ఓడలు కట్టే చోట వెల్డరు. ఈయన బడిపంతులు. పాతికేళ్ళు దాటగానే ఊరి కౌన్సిల్లోకి, ఆ తర్వాత రాష్ట్ర అసెంబ్లీకి. పార్టీ వరసగా ఓడిపోయి ఆఫీసు అద్దె కూడా కట్టలేని రోజుల్లో నాయకత్వం ఎవరికీ వద్దంటే ఈయన తీసుకున్నాడు. సైకిల్ మీద ఊరూరూ తిరిగాడు. చేపల వేలంపాటల్లో, అగ్నిమాపక దళం విందుల్లో నిలబడి మాట్లాడాడు. రెండుసార్లు ఓడి మూడోసారి ఇంకో చిన్న పార్టీతో కలిసి ఒకే ఒక్క సీటు మెజారిటీ తెచ్చాడు.

"అయితే ముఖ్యమంత్రి అయ్యారా సార్?"

"లేదు. అసెంబ్లీలో రహస్య ఓటు. మూడుసార్లు పెట్టారు. మూడుసార్లూ మా వైపు నుంచి ఒక ఓటు తక్కువ."

"వెన్నుపోటు!" అన్నాను. స్టీరింగ్ మీద చెయ్యి కొట్టాను. "ఎవడు సార్ ఆ దొంగ?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ పిప్పరమెంటు కాగితం మడతలు పెట్టాడు. "యోహెన్ అన్నారు. నా డిప్యూటీ. ముప్పై ఏళ్ళ స్నేహితుడు. ముందురోజే మంత్రి పదవి గురించి నాతో పోట్లాడాడు."

"అదిగో. అంతే సార్. మా దగ్గరా అంతే. పక్కన కూర్చున్నవాడే."

ఆయన ఆ మడతలు విప్పి మళ్ళీ పెట్టాడు. నాకు మాత్రం ఒళ్ళంతా ఏదో పాకినట్టయింది. ఎన్నాళ్ళకో నా పక్క సీట్లో ఒక అసలైన నాయకుడు కూర్చున్నాడు. మా నరసరావుపేట ఆయనలా కాదు. నాకు పిప్పరమెంటు ఇచ్చే నాయకుడు.

*

అందుకే ఫ్లెక్సీ మీద వేయించాను.

మన దగ్గర ఫ్లెక్సీ అంటే ఎలా ఉండాలో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మధ్యలో షీనా, చేతులు కట్టుకుని. పైన వరసగా గుండ్రాల్లో పెద్దల తలకాయలు. మా పాస్టర్ గారు, ఫ్లాట్ బుష్ నుంచి తెలుగు సంఘం ప్రెసిడెంటు లక్ష్మణరావు గారు, నేను. అన్నిటికన్నా పెద్ద గుండ్రంలో లోమన్ గారు. వ్యాన్‌లో పక్కనుంచి ఫోన్‌తో తీసిన ఫోటో. కింద ఇంగ్లీషులో, 'జర్మనీ మహానాయకుని ఆశీస్సులతో'. ఆయన్ని అడగాలని నాకు తట్టలేదు. నాయకుడి ఫోటో వెయ్యడానికి అడగడమేమిటి? వేస్తే ఆయనకే గౌరవం. మన ఊళ్ళో ఫోటో వెయ్యకపోతేనే అలుగుతారు.

గ్రేట్ సౌత్ రోడ్డు మలుపులో, మన తెలుగువాళ్ళ ఇంటి ముందు, మధుబాబూ నేనూ ప్లైవుడ్‌కి మేకులు కొట్టి నిలబెట్టాం.

మధుబాబు వెనక్కి నడిచి చూసి, "బావా, తలకాయలు ఎక్కువై పిల్లకి చోటు లేకుండా పోయింది" అన్నాడు.

"పెద్దల అండ కనపడాలి బావా."

"నీ మీసం ఒక్కటే కనపడుతోంది."

షీనా పని నుంచి వస్తూ చూసి కారు ఆపింది. కాసేపు దిగలేదు. దిగాక నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "నాన్నా, సీరియస్‌లీ? ఇది ఎలక్షన్ సైన్ కాదు. వెడ్డింగ్ బ్యానర్."

"పెళ్ళి కన్నా పెద్దదే ఇది."

"లోమన్ అంకుల్ ఓకే అన్నారా?"

"ఆయనకి సంతోషం."

మంగళవారం ఈత కొలనుకి వెళ్తూ కావాలనే ఆ రోడ్డు మీదుగా వ్యాన్ పోనిచ్చాను. మలుపు దగ్గర మెల్లగా నడిపి, "సార్, అటు చూడండి" అన్నాను.

ఆయన చూశాడు. "ఆపు" అన్నాడు.

వాకర్ పట్టుకుని దిగాడు. గడ్డి మీద దాని కాళ్ళు దిగబడుతున్నా బోర్డు దాకా నడిచాడు. పైకి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. వెనక సీట్లో ముసలమ్మలు "ఏమైంది, కొలను వచ్చేసిందా?" అని అడుగుతున్నారు. మెచ్చుకుంటాడని నేను నవ్వుతూ పక్కన నిలబడ్డాను.

"స్తంభాల మీద నుంచి నా ముఖం తీసేసిన రోజు నేను కిటికీలోంచి చూశాను" అన్నాడు. "ఇద్దరు కుర్రాళ్ళు. నిచ్చెన వేసుకుని. మళ్ళీ ఎక్కడా కనపడదులే అనుకున్నాను."

"ఇక్కడ కనపడుతుంది సార్."

ఆయన నా వైపు తిరిగాడు. నేననుకున్న సంతోషం ఆ ముఖంలో లేదు. ఏముందో అప్పుడు నాకు తెలియలేదు. "వచ్చే వారం నీ కూతురిని తీసుకురా" అన్నాడు. "నా ముఖం వాడుకుంటున్నప్పుడు అది ఎలాంటి ముఖమో ఆ పిల్లకి తెలియాలి."

పాఠాలు చెప్తాడనుకున్నాను. ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. రాహేలమ్మ యూనిఫాం ఇస్త్రీ చేస్తూ, "ఆ పెద్దాయన ఈ మధ్య అన్నం సరిగ్గా తినట్లేదండీ. ఇబ్బంది పెట్టకండి" అంది. షీనా మాత్రం "వస్తాను" అంది. ఆ వారం సెలవు పెట్టింది కూడా.

*

తర్వాతి మంగళవారం వాన. మిగతా ముసలివాళ్ళు రామన్నారు. వ్యాన్‌లో మేం ముగ్గురమే. షీనా వెనక, మధ్యలో కూర్చుంది. టకానిని గేటు పడింది. ఆ గేటు పడిందంటే రెండు రైళ్ళు పోయేదాకా లేవదు. వైపర్లు కొట్టుకుంటున్నాయి.

"నీకు ఆ పదవి కావాలా?" అని అడిగాడు లోమన్ గారు, వెనక్కి తిరక్కుండానే.

షీనా సీటు బెల్టు సర్దుకుంది. "నాన్నకి కావాలి" అని మాత్రం నవ్వింది. నేనూ నవ్వాను.

"మా నాన్నకీ కావాలి" అన్నాడాయన. "ఓడల దగ్గర వెల్డింగ్ చేసి చేసి కళ్ళు పోయినవాడు. నేను ముఖ్యమంత్రినవుతానని ఆసుపత్రిలో నర్సులందరికీ చెప్పుకున్నాడు. పార్టీలో అందరికీ కావాలి. సైకిలు మీద నాతో తిరిగినవాళ్ళకి కావాలి. ఇంతమందికి కావలసినది నాకు కావాలా అని నన్ను నేను ఎప్పుడూ అడగలేదు. ఓటు రోజు తెర వెనక్కి వెళ్ళాను. పెన్సిలు దారంతో కట్టి ఉంది. కాగితం మీద నా పేరు, పక్కన గడి. నన్ను ఎవ్వరూ చూడని చోటు అన్నేళ్ళలో అదొక్కటే. ఆ పేరు చదివాను. ఈ మనిషికి నేను ఓటేస్తానా అనుకున్నాను."

మొదటి రైలు పోయింది. వ్యాన్ అద్దాలు వణికాయి.

"ఖాళీ కాగితం మడిచి వేసేశాను."

నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. "మూడుసార్లూనా సార్?"

"మొదటిసారి చెయ్యి రాలేదు. తర్వాత రెండుసార్లూ, మొదటిసారి చేసింది నేనేనని ఒప్పుకోలేక."

"మరి యోహెన్?"

"వాడేనని పేపర్లు రాశాయి. నేను అవునని ఎప్పుడూ అనలేదు. కాదని కూడా అనలేదు. అది సరిపోయింది. పార్టీ వాణ్ణి వెళ్ళగొట్టింది. సైకిల్ షాపు పెట్టుకున్నాడు. దాని అద్దాలు రెండుసార్లు పగలగొట్టారు. వాడి కూతురిని బడిలో పిల్లలు ద్రోహి కూతురని పిలిచేవాళ్ళు. వాడు పోయినప్పుడు పూలు పంపాను. వాళ్ళు తిప్పి పంపారు."

నేను నవ్వేశాను. ఏం చెయ్యను మరి. "మా ఊళ్ళో వార్డు మెంబరుగా నిలబడ్డవాడు కూడా చచ్చినవాళ్ళ ఓట్లు సైతం తనకే వేయించుకుంటాడు సార్. తన ఓటు తను వేసుకోనివాణ్ణి మిమ్మల్నే చూస్తున్నా."

ఆయన నవ్వలేదు. షీనా ముందుకు వంగి, సీట్ల మధ్య నుంచి ఆయన్నే అడిగింది. "ముందే వద్దని ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు. అడిగినా వాళ్ళ ముఖాలు చూసి చెప్పలేకపోయేవాణ్ణి."

అద్దంలో చూశాను. షీనా ఆయన్ని చూడటం లేదు. నా మెడ వెనక భాగాన్ని చూస్తోంది. రెండో రైలు పోయింది. గేటు లేచింది. నేను కదలకపోతే వెనక కారువాడు హారన్ కొట్టాడు.

*

షీనాకి ఎదురు నిలబడింది నైరీ అని ఒక మావోరీ పెద్దావిడ, ఈ నేల అసలు మనుషుల్లో ఒకామె. చర్చి వెనక గదిలో లేనివాళ్ళకి బియ్యం, పాలపొడి పంచుతుంది. మంచిదే. కానీ మంచివాళ్ళని ఓడించకపోతే ఇంకెవరిని ఓడిస్తాం? నేను పగలు వ్యాన్, సాయంత్రం ఇళ్ళు. చర్చి వైపు నేను చూసుకుంటే టకానినిలో మన తెలుగు ఇళ్ళన్నీ మధుబాబు చూసుకున్నాడు. ఉగాదికి సంఘం వాళ్ళు నైరీని కూడా పిలిచారు. ఆవిడ పచ్చడి నోట్లో పెట్టుకుని, వేపపువ్వు తగిలి మూతి ముడుచుకుంటే మధుబాబు పకపకా నవ్వాడు. ఎవరో ఆ ఫోటో తీశారు.

షీనా తిరిగింది. అడిగిన చోటికల్లా వచ్చింది. అడగని చోటికి రాలేదు. బ్యాలెట్ కాగితాలు వచ్చిన రోజు తనది తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది. రాహేలమ్మ తనది వంటింటి బల్ల మీద, నా కళ్ళ ముందే టిక్కు పెట్టింది. "చాలా?" అంది.

ఓడిపోయాం. వందకి దగ్గర ఓట్ల తేడాతో. ఫోన్ వచ్చినప్పుడు షీనా బట్టలు ఆరేస్తోంది. "ఓకే, థాంక్యూ" అని ఫోన్ జేబులో పెట్టుకుని, మిగిలిన బట్టలు కూడా ఆరేసి వచ్చింది. నేను ఆ పిల్ల గుండె నిబ్బరానికి పొంగిపోయాను.

వంద ఓట్లంటే ఎన్ని ఇళ్ళు? ఇక్కడ ఎవరూ ఓట్లే వెయ్యరు. పాతిక ముప్పై ఇళ్ళు చాలు. ఆ ఇళ్ళు ఎవరి చేతిలో ఉన్నాయి? ఆ ఉగాది ఫోటో ఫోన్‌లో పెద్దది చేసి చూశాను. నా ఇంట్లో అన్నం తిన్నవాడు, ఆవిడ పక్కన నిలబడి అంత నవ్వు నవ్వాడు.

పనిచేసిన వాళ్ళకి కృతజ్ఞతగా ఆదివారం కమ్యూనిటీ హాల్లో భోజనాలు పెట్టాం. కుసుమ పులిహోర చేసి తెచ్చింది. లక్ష్మణరావు గారు నాలుగు మాటలు మాట్లాడి నన్ను మాట్లాడమన్నారు. నేను లేచాను. థాంక్స్ చెప్పాలనే లేచాను.

"బయటివాళ్ళు మనల్ని ఓడించలేదు" అన్నాను. "మన పక్కనే కూర్చుని, మన పళ్ళెంలో తిని, అటు వైపు వెళ్ళి పళ్ళికిలించినవాళ్ళు ఓడించారు. పేరు చెప్పక్కర్లేదు. ఫోటో అందరూ చూశారు."

మధుబాబు నోట్లో ముద్ద ఉంది. నమిలి మింగాడు. "బావా, ఇది నా గురించేనా?" అన్నాడు.

"నీకు తగిలితే నీ గురించే."

ఆయన పళ్ళెం బల్ల మీద పెట్టాడు. పంపు దగ్గరికి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. గుమ్మం దగ్గర బూట్లు వేసుకోవడానికి వంగాడు, తాడు ముడి పడలేదు. అలాగే తాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

భోజనాలయ్యాక హాలు వెనక వంటగదిలో రాహేలమ్మ గిన్నెలు తోముతోంది. షీనా తుడుస్తోంది. కుసుమ తన పులిహోర గిన్నెకి మూత వెతుక్కుంటోంది. నేను కుర్చీలు సర్ది లోపలికొచ్చాను.

"మధు అంకుల్ కాదు నాన్నా" అంది షీనా.

"నీకు తెలీదమ్మా రాజకీయం."

"నేనే." గుడ్డ బల్ల మీద పెట్టింది. "నేను నైరీ ఆంటీకి వేశాను. షాపులో వాళ్ళకి, అంబులెన్స్ వాళ్ళకి, మా ఫ్రెండ్స్ అందరికీ ఆమెకే వెయ్యమని చెప్పాను. నాకు నార్త్‌లో, అంత దూరం వాంగరేలో ట్రైనింగ్ సీట్ వచ్చింది. పారామెడిక్. జూలైలో. గెలిస్తే వెళ్ళలేను కదా."

రాహేలమ్మ పంపు కట్టేసింది. ఆమెకి తెలుసని ఆ కట్టేసిన తీరులోనే నాకు తెలిసింది.

"నాతో చెప్పొచ్చుగా" అన్నాను.

"నువ్వు అడగలేదు నాన్నా." మళ్ళీ గుడ్డ చేతిలోకి తీసుకుని, "లోమన్ అంకుల్ లాగా నేను ఉండలేను. మధు అంకుల్‌కి చెప్తా. అందరికీ చెప్తా" అంది.

కుసుమకి మూత దొరికింది. గిన్నె మీద పెట్టి, చీర కొంగు సర్దుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయింది.

షీనా అన్నంత పనీ చేసింది. ఆ వారమంతా పని అయ్యాక ఒక్కొక్క తెలుగు ఇంటికీ వెళ్ళి, గుమ్మంలో నిలబడి తన వచ్చీరాని తెలుగులో చెప్పింది. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. నాకు మొదట తల తీసేసినట్టయింది. ఓట్లు అడగడానికి పంపితే ఇన్ని ఇళ్ళు తిరగలేదు.

*

"మీరే చెడగొట్టారు సార్ దాన్ని" అన్నాను లోమన్ గారితో, ఆ మంగళవారం.

"అవును" అన్నాడు. వాదిస్తాడనుకున్నాను. పిప్పరమెంటు ఇచ్చాడు. "అతని ఇంటికి వెళ్ళావా?"

"వెళ్తాను సార్. కొంచెం చల్లారనీ అని."

"చల్లారదు. గట్టిపడుతుంది. వ్యాన్ తిప్పు."

"కొలను టైం అయిపోతుంది సార్."

"నేను చాలాసార్లు ఈదాను. తిప్పు."

మధుబాబు ఇంటి ముందు ఆపాను. చలి మొదలైంది. పక్క నుంచి పెరడు కనపడుతోంది. కరివేపాకు మొక్కకి ఈసారి దుప్పటి కాదు, మా ఫ్లెక్సీ చుట్టి ఉంది. తెల్లటి వెనక వైపు బయటికి పెట్టి, నీటుగా తాడు కట్టాడు. కింద మడత తిరిగిన చోట ఒక గుండ్రంలో సగం కనపడుతోంది. నా మీసం.

బెల్ కొట్టాను. కుసుమ తలుపు సగం తీసింది.

"ఆయన లేరు అన్నయ్యా" అంది.

గుమ్మం పక్కన మధుబాబు బూట్లున్నాయి. తాళ్ళు ఊడి ఉన్నాయి. కుసుమ నేను చూసింది చూసి తల దించుకుంది. "సరేనమ్మా" అని వచ్చేశాను.

"ఉన్నాడా?" అన్నాడు లోమన్ గారు.

"లేడు సార్."

ఆయన వ్యాన్‌లోంచి గుమ్మం వైపు చూశాడు. ఆ వయసులో కూడా ఆయనకి చూపు బాగా ఆనేది. "అయితే వచ్చే మంగళవారం" అన్నాడు.

అన్నట్టే ఆ మంగళవారం వెళ్ళాం. ఆ తర్వాత మంగళవారం కూడా. జూలైలో షీనా వాంగరే వెళ్ళిపోయింది. బస్సెక్కేముందు నన్ను గట్టిగా పట్టుకుంది. నేను చెయ్యి భుజం మీద వేశానో లేదో నాకు గుర్తులేదు. ఆగస్టులో లోమన్ గారు నిద్రలోనే పోయాడు. గది ఖాళీ చేసేటప్పుడు ఆయన కోటు జేబులో మిగిలిన పిప్పరమెంట్లు రాహేలమ్మ నాకు తెచ్చిచ్చింది. ఆయన కోసం ఏ పేపరూ ఏమీ రాసి ఉండదు. రాసినా యోహెన్ మాట ఉండదు. ఆ సంగతి తెలిసినవాళ్ళం ఈ భూమ్మీద నేనూ నా కూతురూ, ఇప్పుడు మీరూ.

ఆయన పోయాక కూడా మంగళవారం వ్యాన్ ఆ వీధిలోకి దానంతటదే తిరుగుతుంది. వెనక ముసలమ్మలు అలవాటుపడి "మీ ఫ్రెండ్ ఇల్లు వచ్చింది" అంటారు. నేను దిగి బెల్ కొడతాను. "ఆయన లేరు అన్నయ్యా" అంటుంది కుసుమ. ఆ అన్నయ్యా అన్న మాట ఆమె ఇంకా మానలేదు. దాని కోసమే వెళ్తున్నానేమో కూడా.

మొన్న మంగళవారం మాత్రం "ఆయన లేరు అన్నయ్యా" అని తలుపు వెయ్యబోయి, "ఆగండి" అంది. లోపలికి వెళ్ళింది. వెనక తలుపు తీసిన చప్పుడు, కాసేపటికి మళ్ళీ వేసిన చప్పుడు వినపడింది. కాగితంలో చుట్టిన పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. "వదినకివ్వండి" అంది.

ఇంటికి తెచ్చి వంటింటి బల్ల మీద విప్పాను. కరివేపాకు. పప్పు పోపు పెడుతున్న రాహేలమ్మ తిరిగి చూసి, "కుసుమ కోసిందా?" అంది.

రెబ్బ తీసి కాడ చివర చూశాను. చేత్తో తుంచింది కాదు. కత్తితో, ఏటవాలుగా.

"కుసుమ కాదు" అన్నాను.

రాహేలమ్మ నా చేతిలోంచి ఆ రెబ్బ తీసుకుని తనూ చూసింది. పోపులో వెయ్యకుండా గ్లాసులో నీళ్ళు పోసి, కిటికీ దగ్గర నిలబెట్టింది.